సవరణ: స్పీడ్‌వేలో రిజర్వ్ అంటే ఖాళీగా కూర్చునేవాడు కాదు

బ్రిటన్‌లో స్పీడ్‌వే (మట్టి ట్రాక్‌పై బైకుల పందెం) పై లీగ్ అయిన ప్రీమియర్‌షిప్‌లో 2021లో మొదలైన ‘రైజింగ్ స్టార్’ పథకం కింద యువ బ్రిటిష్ రైడర్లకు దక్కేది రిజర్వ్ స్థానమే కనుక, ఎవరైనా గాయపడితే తప్ప వారికి అవకాశం రాదని గత టపాలో రాశాను. అది తప్పు, క్రికెట్‌లోని పన్నెండో ఆటగాడిలా ఊహించుకోవడం వల్ల జరిగిన పొరపాటు, మన్నించండి. ఏడుగురి జట్టులో 6, 7 నంబర్లవారే రిజర్వులు. మ్యాచ్‌లోని 15 హీట్లలో (చిన్న రేసుల్లో) రెండోది అచ్చంగా వారిదే: ఇరు జట్ల నుంచి ఇద్దరిద్దరు, బ్రేకులు లేని బైకులపై, నాలుగు ల్యాప్‌లు. ఆ తరువాతి హీట్లలోనూ వారికి నిర్ణీత స్థానాలుంటాయి.

రైడర్ డాన్ బ్యూలీ నేరుగా పై లీగ్‌లోకి వచ్చాడని అదే టపాలో రాసినదీ సరికాదు. 2022లో కార్డిఫ్‌లో బ్రిటిష్ గ్రాండ్ ప్రి గెలిచిన ఆ యువకుడు, 2016లో మూడో అంచె నేషనల్ లీగ్‌లో బెల్ వ్యూ కోల్ట్స్ తరఫున పోటీపడినవాడే. ఆ అంచెను విస్మరించడమే నా టపాలోని పెద్ద లోపమని భావిస్తున్నాను.