సవరణ: వాడిన నీళ్లన్నీ కూరగాయలకు పనికిరావు

తిరుపతిలో ఎండాకాలం నీటి కరువు గురించి రాస్తూ, ‘ఇంట్లో వాడిన నీళ్లు పెరట్లో కూరగాయలకు మళ్లించండి’ అన్నాను. దాన్ని చదివి, మరుగుదొడ్డి నీళ్లు కూడా కలపొచ్చా అని కొందరు అడిగారు. వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి. నేను చెప్పింది స్నానం నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లు, బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ల గురించే. పసిపిల్లల మలం అంటిన గుడ్డలు ఉతికిన నీళ్లు కూడా మురుగులోకే పోవాలి.

వాడదగ్గ స్నానం, జాడింపు నీళ్లను కూడా మొక్కల మీద చల్లకూడదు, మొక్క మొదలు దగ్గర మట్టికే పెట్టాలి. పందిరి మీది బీర, కాకర, ఎత్తుగా కాసే వంగ, బెండ, ఇంకా అరటి, మునగ వీటికి బాగా సరిపోతాయి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, మట్టిలో ఊరే క్యారెట్, ముల్లంగికి మాత్రం మంచి నీళ్లే పోయండి. వాడిన నీళ్లు పోస్తే క్రిములు వీటి ద్వారా నేరుగా నోట్లోకి చేరతాయి.

సబ్బు సంగతి ఇంకా ముఖ్యం. బట్టల పౌడర్లలో సోడియం ఎక్కువ. అది పేరుకుంటే మట్టి బిగుసుకుపోయి నీళ్లు ఇంకవు. అందుకే మొదటిసారి ఉతికిన చిక్కటి నురగ నీళ్లు వదిలేసి, జాడింపు నీళ్లు వాడండి. మధ్యమధ్యలో మంచి నీళ్లు పెట్టండి. బ్లీచింగ్ కలిసిన నీళ్లు అసలు వద్దు.

డ్రమ్ముల్లో దాచకండి, ఏ రోజువి ఆ రోజే పారించేయండి. నిల్వ ఉంటే కంపు, దోమలు. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వానలు పడేటప్పుడు మళ్లింపు ఆపేయడం మేలు.