పేదలారా, దాతలకు కాస్త సహకరించండి

దానం ఎట్లా చేయాలో దేశానికి చూపించింది మా ఉమ్మడి నల్గొండ జిల్లా. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అక్కడి దళితులను ఏం కావాలని అడిగితే, ఎనభై ఎకరాల భూమి కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమానికి అదే మొదలు. గొప్ప సంగతే, కాదనను. కానీ ఇప్పటి ప్రమాణాలతో చూస్తే అందులో రెండు లోపాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అడిగిన వస్తువే ఇస్తానన్నారు. పైగా వెనకాల ఫ్లెక్సీ లేదు. ఇన్నేళ్లలో మన దాతలు ఆ రెంటినీ సరిదిద్దారు.

కాబట్టి ఇచ్చేవాళ్ల వైపు నుంచి ఇక చేయాల్సింది ఏమీ లేదు. చిక్కంతా పుచ్చుకునేవాళ్లతోనే. దేవరకొండ అవతలి తండాల్లో, మక్తల్ వైపు పల్లెల్లో, అమ్రాబాద్ మీది చెంచుపెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో, పేదలకు దానం పుచ్చుకునే క్రమశిక్షణ బొత్తిగా లేదు. ఎవరో ఒకరు చెప్పాలి కదా అని చెబుతున్నాను.

అన్నిటికన్నా ముందు, వీళ్లు ఇంట్లో ఉండరు. బడి సంచులు పంచడానికి మన దాతకు జనవరిలో వీలవుతుంది. కొత్త సంవత్సరం, తండ్రిగారి వర్ధంతి, అభిమాన నాయకుడి పుట్టినరోజు కలిసొచ్చేది అప్పుడే. వీళ్లేమో దసరా, దీపావళి దాటగానే కూలీలను పనులకు తోలుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణె, ముంబయి, హైదరాబాద్ పనులకు పోతారు. పోయేటప్పుడు పిల్లలనూ తీసుకుపోతారు. నలభై సంచులతో బండి వచ్చి తండాలో ఆగితే ఎదురొచ్చింది తొమ్మిది మంది పిల్లలు, వాళ్లను చూసుకునే ముసలమ్మలు. పాపం, ఆ తొమ్మిది మందికే అంగీలు మార్చి మార్చి నలభై ఫోటోలు తీయవలసి వచ్చింది. ఆ ఫోటోగ్రాఫర్ పడ్డ అవస్థ ఏ సేవా నివేదికలోనూ రాయరు. వలస పోయే కుటుంబాలు కనీసం పదిహేను రోజుల ముందు దాతలకు తెలియజేసి, అనుమతి తీసుకుని పోతే ఎంత బాగుండేది!

ఇంట్లో ఉన్నవాళ్లు మరీ ఘోరం. వాళ్లు లెక్కలు వేస్తారు. చీరల పంపిణీ పొద్దున పదింటికని చెప్పాం, ముఖ్య అతిథి మూడింటికి వచ్చారు. పెద్దవాళ్లకు పనులుంటాయి. ఆడవాళ్లు బడి ముందర ఎండలో కూర్చున్నారు. కూర్చోవడమే కదా, అందులో కష్టమేముంది? చీర చేతిలో పెట్టి, కెమెరా వైపు తిప్పి, "ఎట్లున్నది అమ్మా?" అని అడిగితే ఒకావిడ ఏమన్నదో తెలుసా? "మంచిగనే ఉన్నది సార్. నాకైతే మూడొందల ఏడు రూపాయలకు పడ్డది" అన్నది. ఉపాధి పనికి 2025-26లో తెలంగాణలో ప్రకటించిన రోజు కూలి అది. ఆ రోజు పనికి పోలేదు గనుక చీర ఖరీదు అంతట. బజార్ల అదే చీర రెండొందలకు దొరుకుతదని పక్కావిడ అందుకున్నది. వీడియోలో ఆ ముక్క తీసేసి పాట పెట్టుకున్నాం.

ఈ లెక్కల రోగం ఎక్కడ అంటుకున్నదో నాకు తెలుసు. పొదుపు సంఘాల నుంచే. నెలనెలా పొదుపు కట్టడం, పుస్తకాలు రాసుకోవడం, తీర్మానాలు చేయడం, బ్యాంకు అప్పు వాయిదాలు తప్పకుండా కట్టడం నేర్చిన ఆడవాళ్ల కళ్లలో దాతకు కావలసిన దీనత్వం ఎక్కడి నుంచి వస్తుంది?

ఆపైన అడగడం ఒకటి. దుప్పటి ఇస్తుంటే, "దుప్పటి ఉన్నది సార్, పోరిని దవఖానకు తీస్కపోను ఆటో కిరాయి ఇయ్యరాదు" అంటారు. ఆటో కిరాయిని ఫోటో ఎట్లా తీస్తారు? బరువు మరీ తక్కువున్న బిడ్డను దవఖానలో చేర్చుకుంటే తల్లి రెండు వారాలు అక్కడే ఉండాలి. ఆ రెండు వారాలు కూలి ఉండదు. ఇంటి దగ్గర ఇంకో ఇద్దరు పిల్లలుంటారు, వాళ్లకు వండిపెట్టే దిక్కుండదు. అందుకని ఐదో రోజుకే బిడ్డను ఎత్తుకుని తిరిగొచ్చేస్తారు. అట్లా రాకుండా ఆగిన తల్లులెవరైనా ఉంటే, ఇంటి దగ్గర పిల్లలను అంగన్‌వాడీ ఆయమ్మ తన ఇంట్లో పడుకోబెట్టుకున్నదనో, సంఘంలో పది మంది తలా ఇరవై వేసుకుని చేతిలో పెట్టారనో అర్థం. ఇదీ ఒక సేవేనా? ఆయమ్మ దగ్గర రసీదు బుక్కు లేదు, దాతలకిచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు లేదు, వాట్సాప్‌లో పెట్టడానికి లోగో లేదు. ఇట్లాంటి అనధికార దయను ఇట్లాగే వదిలేస్తే అధికారిక దయకు మర్యాద ఏం మిగులుతుంది?

అధికారిక దయ అని ఊరికే అనలేదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఏడాదికి ఐదు కోట్ల నికర లాభం వచ్చినా ఆ కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. దయకు శాతం కట్టి ఇచ్చిన దేశం మనది. అదే దేశం ఇంకో చేత్తో దాతల నోరు కొడుతున్నది. పుట్టినరోజుకు అనాథాశ్రమానికి పోయి, కేకు కోసి, పిల్లల మధ్య నిలబడి ఫోటో దిగి నలుగురికీ చూపిద్దామంటే, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ అడ్డం వస్తుంది. సంరక్షణ అవసరమైన పిల్లల ఫోటో గానీ, పేరు గానీ, గుర్తుపట్టే వివరం గానీ బయటపెట్టకూడదట. పెడితే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. అదృష్టం కొద్దీ ఈ సెక్షన్ సంగతి మన జిల్లాల్లో దాతలకెవరికీ తెలిసినట్టు లేదు. పిల్లలకు అంతకన్నా తెలియదు. కనుక కేకుల కార్యక్రమం నిరాటంకంగా సాగుతున్నది.

నీళ్ల సంగతి రెండు మాటల్లో చెప్పి వదిలేస్తాను. ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 1970ల్లో మా జిల్లా పేరే పెట్టారు. నల్గొండ విధానం టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. మర్రిగూడ, నాంపల్లి పిల్లల పళ్లు గారపట్టడం మాత్రం ఆగలేదు. మిషన్ భగీరథ నల్లాలు రాకముందు దాతలు ఊరూరా నీళ్ల ప్లాంట్లు పెట్టించారు. చాలా చోట్ల యంత్రం ఆగిపోయినా శిలాఫలకం దివ్యంగా ఉంది. ఫిల్టర్ మార్చడానికి దాత దొరకడు. దొరకడు మరి, ఫిల్టర్ మీద పేరు రాస్తే అది లోపలికి పోతుంది.

తెల్లబండి ఆగితే బాలింతలు బిడ్డలను తీసుకుని లోపలికి పోతారని కూడా దాతల్లో మనస్తాపం ఉంది. 1999 నుంచి 2001 దాకా దేవరకొండ తండాల ఆడపిల్లలు దత్తత పేరుతో ఎట్లా చేతులు మారారో పత్రికలన్నీ రాశాయి. అప్పుడూ బండ్లే వచ్చాయి, అప్పుడూ పిల్లల మేలు కోసమే అన్నారు. తల్లులకు దక్కింది కొన్ని వందలో, వేలో. తండాలు దాన్ని ఇంకా మరిచిపోలేదు. పేదలకు ఇంత జ్ఞాపకశక్తి ఉండటం దానధర్మాలకు ఏ మాత్రం మంచిది కాదు.

ఇప్పుడు కొత్తగా ఇంకో మాట వింటున్నాను. నిజమో కాదో గానీ, ఒక తండాలో సంఘం ఆడవాళ్లు కూర్చుని ధరల పట్టిక తీర్మానం చేశారట. ఫోటోకు పావు కూలి, వీడియోకు సగం. "మీ వల్లే మా బతుకు మారింది" అని చెప్పాలంటే పూర్తి కూలి, అదీ ముందుగానే. ముఖ్య అతిథి ఆలస్యమైతే గంటకింత. కళ్లనీళ్లు పెట్టుకోవాలంటే ధర మాట్లాడుకోవాలి. పండ్లూ బిస్కెట్లూ తెచ్చేవాళ్లకు రాయితీ లేదు. జనవరిలో వచ్చేవాళ్లు పుణె పోయి అక్కడే ఇచ్చి రావచ్చు, అడ్రసు మేస్త్రీ దగ్గర దొరుకుతుంది.

దాతల తరఫున దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. పది మందికి మించిన గ్రూపు ఫోటోకు ఏమైనా తగ్గిస్తారేమో కనుక్కోమని మా సేవా సంస్థ అధ్యక్షుల వారు ఒకటే పోరు పెడుతున్నారు, రేపు పోయి అడిగి చూస్తాను.