లాకు మ్యాన్‌కు షోకాజ్ నోటీసు

కోనసీమలో భద్రతా సంక్షోభం తలెత్తింది. గోదావరికి ఉగ్రవరద కాదు, ఉప్పెన కాదు, కొబ్బరికి ధర పడిపోవడమూ కాదు (అది సంక్షోభం కింద లెక్క రాదు, అలవాటు). రెండో తరగతి చదివే మా అక్క మనవడు మెడకి తువ్వాలు కట్టుకుని బడికి వెళ్లాడు.

బడివాళ్లు ఉత్తరం పంపారు. దళసరి కాగితం, పైన బంగారు రంగు ముద్ర, లోపల ఇంగ్లీషు. ‘మీ వార్డు ప్రవర్తన ఆందోళన కలిగిస్తోంది’ అని మొదలు. మా బావకి వార్డంటే పంచాయతీ వార్డే. ‘మన వార్డుకేమైందోయ్, మళ్లీ కుళాయి రావట్లేదా?’ అన్నాడు. వార్డంటే మనవడని చెప్పి రెండో లైనుకొచ్చాను. పిల్లాడికి ‘ఆల్టర్ ఈగో’ ఏర్పడిందట. ‘ఆల్టరేషనా? మొన్నేగా కుట్టించాం, అప్పుడే పొట్టిదైపోయిందా యూనిఫాం?’ అన్నాడు బావ.

మా బావ ధవళేశ్వరం బ్యారేజీ మీదా, ఆ తరవాత కాలవ లాకుల దగ్గరా గేట్లు ఎత్తి దించే లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆ ఖాకీ చొక్కా, భుజాన తువ్వాలు చూస్తూ పెరిగినవాడు మనవడు. మిగతా పిల్లలు గోడలెక్కే వీరుళ్లనీ, లోచెడ్డీ బయటికేసుకుని ఎగిరే వీరుళ్లనీ టీవీలోంచి దించుకుంటే, వీడు వీరుణ్ని ఇంట్లోంచే తెచ్చుకున్నాడు. పేరు లాకు మ్యాన్. రెండు చేతులూ చాపితే గేట్లు దిగుతాయి. పైకెత్తితే లేస్తాయి. అంతే శక్తి. ఎగరడాలు, కళ్లలోంచి మంటలు లాంటి వృథా ఖర్చులేవీ లేవు.

ఇక నేరం జరిగిన తీరు. ఉత్తరంలో రెండు వాక్యాల్లో తేల్చేశారు గానీ, ఆయమ్మ చెబితే పూర్తిగా తెలిసింది. బడి మూడంతస్తులు, మెట్ల దారి ఒకటే. బాత్రూములన్నీ కింద. ఇంటర్వెల్ గంట కొట్టగానే పై రెండు అంతస్తుల పిల్లలూ ఆ ఒక్క దారిలోనే దిగాలి. సరిగ్గా అక్కడ, మెట్ల మలుపులో, మెడలో తువ్వాలుతో లాకు మ్యాన్ నిలబడి రెండు చేతులూ చాపాడు. ‘గేట్లు దించేశాను. కిందికి ఎవరూ రాకూడదు.’

ఒకటో తరగతి ఆగిపోయింది. అధికారి మాటంటే వాళ్లకింకా గౌరవముంది. వెనకనుంచి మూడో తరగతి వచ్చి చేరింది. ఆ పైనుంచి ఐదో తరగతి. లాకు మ్యాన్ కంగారు పడలేదు. గోడకి తన ముప్పై సెంటీమీటర్ల స్కేలు ఆనించి రీడింగు చూశాడు. ‘పదకొండుమ్ముప్పావు అడుగులు. పది లక్షల క్యూసెక్కులు. మొదటి ప్రమాద హెచ్చరిక!’ పైన గోల పెరిగింది. ‘పదమూడుమ్ముప్పావు. పదమూడు లక్షలు. రెండోది!’ అప్పటికి లెక్కల టీచరు చేతిలో టీ గ్లాసుతో మధ్యలో ఇరుక్కుని, అటు భద్రాచలం వైపు వెళ్లలేక, ఇటు యానాం వైపు రాలేక నిలబడిపోయింది. ‘పదిహేడుమ్ముప్పావు. పదిహేడు లక్షలు. మూడోది! లోతట్టు వాళ్లంతా ఖాళీ చెయ్యండి!’ అని వాడు అరిచేసరికి, లోతట్టున ఉన్న ఒక యూకేజీ పిల్లాడు నిజంగానే ఖాళీ చేసేశాడు. గండి పడింది. పూడ్చడానికి ఆయమ్మ బకెట్టూ, గుడ్డా పట్టుకుని పరిగెత్తింది.

లాకు మ్యాన్ చేసిన నష్టం మొత్తం అదే. ఒక నిక్కరు.

దానికి కౌన్సెలింగ్ అట. ఇద్దరు పెద్దల సంతకాలతో హామీ పత్రం అట. ఇంత చిన్న వయసులో ఒకే మనిషి రెండు వేషాలు వెయ్యడం ప్రమాదమట. అన్నదెవరు? ఆగస్టు పదిహేనున మైకు ముందు తెలుగు తల్లి అని కళ్లు తుడుచుకుని, పదహారున తెలుగులో మాట్లాడిన పిల్లాడికి పది రూపాయల ఫైను వేసే కరస్పాండెంటు గారు. ఫ్యాన్సీ డ్రెస్సు పోటీలప్పుడు ఇదే బడి కౌంటరులో ఆరొందలకి ఎర్ర కేపు అమ్మారు. ఆ కేపులేసుకున్న పిల్లల ఫొటోలతో మెయిన్ రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టారు. ఇప్పుడర్థమైంది, వీడి తప్పు సూపర్ హీరో కావడం కాదు, సొంత తువ్వాలుతో కావడం.

ఆ మాటకొస్తే మన డెల్టాలో వీరపూజ కొత్తా? 1852లో ఆనకట్ట పూర్తి చేయించిన కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలున్నాయి, దండలు పడతాయి. ఆయనా నీళ్లాపినవాడే. ఆయన్ని ఏ కౌన్సెలింగుకీ పంపలేదు మనం, భగీరథుడన్నాం.

ఉత్తరం చివరి లైను మాత్రం నేను బావకి చదవలేదు. ‘మెడ చుట్టూ వస్త్రం విద్యార్థుల భద్రతకు ముప్పు.’

భద్రత! ఆటోలో పదిహేను మందిని కుక్కి, రెయిలింగు లేని కాలవగట్టు మీద తోలుకొచ్చే బడికి తువ్వాలు ముప్పుగా కనపడింది. లంకల పిల్లలు ఇప్పటికీ ఈ బడికి పాయ దాటి పడవలో వస్తారు. వాళ్లకి లైఫ్ జాకెట్లున్నాయో లేదో రేవుకొచ్చి చూసిన మేడం లేదు, సారు లేడు, ఆఫీసరు లేడు. 2018 జూలై 14న పశువుల్లంక దగ్గర నాటుపడవ, సగం కట్టి వదిలిన వంతెన స్తంభానికి కొట్టుకుని బోల్తాపడింది. బడి నుంచి ఇంటికెళ్తున్న ఆడపిల్లలు గౌతమిలో పోయారు. పుస్తకాల సంచులతో పోయారు! వాళ్ల భద్రత గురించి ముందుగా ఎవరి ఇంటికి ఏ బంగారు ముద్ర ఉత్తరం వెళ్లింది? మీ కాగితం తీసుకెళ్లి ఆ రేవులో చదవండి, ఇంగ్లీషులోనే చదవండి.

సరే. పిల్లాణ్ని అడిగాను, ఎందుకు చేశావురా అని. వాడి బెంచీలో కూర్చునే లంక కుర్రాడు వరదకి నాలుగు రోజులుగా రావట్లేదట. ‘నేను గేట్లు దించేస్తే వాళ్ల లంకలోకి నీళ్లు రావు కదా.’

అంతవరకూ నిమ్మళంగా విన్న బావ అప్పుడు లేచాడు. నాకు తెలిసి వాణ్ని కోప్పడడం అదే మొదలు. ‘వరదలో గేట్లు దించేవాడెవడ్రా? పైన ఊళ్లు ముంచుతావా? ఎత్తెయ్యాలి! నూట డెబ్బై అయిదూ ఎత్తేసి, వచ్చింది వచ్చినట్టు సముద్రంలోకి వదలాలి. ఇన్నాళ్లూ నా దగ్గర నేర్చుకున్నది ఇదేనా?’

లాకు మ్యాన్ తల దించుకున్నాడు. హామీ పత్రం మీద ‘ఇకపై గేట్లు దించను’ అని వంకర అక్షరాలతో రాశాడు. బావ కింద సంతకం పెట్టాడు. ‘ఆయ్, ఇంకెప్పుడూ దించడండి’ అని మేడంగారికి ఫోన్లో నేనూ మాటిచ్చాను.

మాట తప్పలేదు. సోమవారం పదకొండింటికి తువ్వాలు కట్టుకుని, మూడంతస్తుల్లోనూ ఒక్కో తరగతి తలుపు గొళ్లెం తీసుకుంటూ పోయాడట. గ్రౌండు లేని బడి కనక, వచ్చిన పిల్లలు వచ్చినట్టు దిగి కరస్పాండెంటు గారి కారు చుట్టూ నిల్వ ఉన్నారట.

రెండో ఉత్తరం నిన్న వచ్చింది. బావ కళ్లజోడు పెట్టుకుని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి నా చేతికిచ్చాడు.

‘ఎన్ని క్యూసెక్కులు వదిలాడో రాశారా?’