సవరణ: డాల్మేషన్‌కు లివర్ వద్దు

నాన్‌-స్పోర్టింగ్ అనే వర్గంలోని కుక్కజాతుల గురించిన పోస్టులో, వాటిలో దేనికైనా వారానికి రెండుసార్లు ఉడికించిన లివర్ పెట్టొచ్చని రాశాను. డాల్మేషన్‌ విషయంలో అది తప్పు. పశువైద్య పుస్తకాల్లో ఈ సంగతి స్పష్టంగానే ఉంది: జన్యులోపం వల్ల వీటి మూత్రంలో యూరిక్ ఆమ్లం ఎక్కువ. ప్యూరిన్లు (ఒంట్లో యూరిక్ ఆమ్లంగా మారే పదార్థాలు) దండిగా ఉండే లివర్, కిడ్నీలు, సార్డిన్ చేపలు పెడితే రాళ్లు కట్టే ముప్పు పెరుగుతుంది. గుడ్డు, పనీర్ నయం. తిండిలో నీళ్లు కలపండి, మూత్రానికి తరచూ బయటికి తీసుకెళ్లండి. మగకుక్కకు మూత్రనాళం సన్నం, రాయి ఇట్టే అడ్డుపడుతుంది. ముక్కుతూ చుక్కలుగా పోస్తుంటే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

1973లో అమెరికాలో పాయింటర్ అనే మరో కుక్కజాతి‌తో సంకరం చేసిన వంశంలో ఈ లోపం లేని కుక్కలున్నాయి. అమ్మేవాళ్లు అలా చెబితే జన్యుపరీక్ష రిపోర్టు అడగండి.