అడుగు చేపలకు షోకాజ్ నోటీసు

సముద్రం అడుగున కాపురం ఉండే కాడ్, హాలిబట్, సోల్ వగైరా చేపల నడవడిక కొన్నేళ్లుగా బొత్తిగా బాగోలేదు. వల వేసిన చోట ఉండవు. ఉన్నా, ఉండాల్సిన బరువు ఉండవు. ట్యూనాలు, కానాగంతలు అంటే పుట్టుకతోనే దేశదిమ్మరులు, వాటి దగ్గర క్రమశిక్షణ ఎవరూ ఆశించరు. అడుగు చేప అలా కాదు. బురదకు కడుపానించి, పిలిస్తే పలికేంత దూరంలో ఏళ్ల తరబడి పడి ఉంటుందన్న నమ్మకం మీదే, ఎంత పట్టొచ్చో చెప్పే కోటాలన్నీ నడుస్తున్నాయి. ఆ నమ్మకాన్ని వమ్ము చేసినందుకు వాటి మీద శాఖాపరమైన విచారణ జరగాల్సిందే. నీళ్లు వేడెక్కాయి, ఊపిరాడటం లేదు లాంటి సాకులు సంజాయిషీలో ఎలాగూ ఉంటాయి కాబట్టి, శ్రమ తగ్గించడానికి మా విచారణ కమిటీ వాటిని కూడా ఇక్కడే పరిశీలిస్తోంది.

ముందు హాజరు పట్టీ, అంటే చేపల లెక్క తీసే సర్వే. అలాస్కాను ఆనుకుని ఉన్న తూర్పు బేరింగ్ సముద్రంలో ఇది ఎలా వేస్తారంటే, సముద్రాన్ని 20 నాటికల్ మైళ్ల (సుమారు 37 కిలోమీటర్ల) గళ్లుగా కోస్తారు. ఒక్కో గడిలో ఏటా వేసవిలో ఒకసారి వల దించి, 3 నాట్ల (గంటకు సుమారు 5.5 కిలోమీటర్ల) వేగంతో 30 నిమిషాలు అడుగున ఈడుస్తారు. అంటే సుమారు 2.8 కిలోమీటర్లు. వల నోరు అటూ ఇటూ దాదాపు 17 మీటర్లు. గుణిస్తే వల ఊడ్చిన నేల 5 హెక్టార్లకు కాస్త తక్కువ. గడి వైశాల్యమేమో దాదాపు 1,370 చదరపు కిలోమీటర్లు. ఊడ్చిన ప్రతి అంగుళం ఊడ్వని దాదాపు ఇరవై తొమ్మిది వేల అంగుళాల తరఫున సాక్ష్యం చెబుతుందన్నమాట. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసే పద్ధతే ఇది. కుండ అంతా ఒకే మంట మీద ఉన్నంతకాలం ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు.

చిక్కంతా చేపలు సహకరించకపోవడంలో ఉంది. ఎల్లోఫిన్ సోల్ అనే బల్లపరుపు చేపనే చూడండి. వల రెక్కల నుంచి ముందుకు సాగే బరువు తాళ్లు నేల మీద రాసుకుంటూ బురద మేఘం లేపుతాయి. చేప బెదిరి పక్కకు జరగాలి, జరిగి జరిగి వల నోటి ముందుకు రావాలి. నీళ్లు చల్లగా ఉన్న ఏడాది దానికి ఒళ్లు కదలదు. తాడు మీద నుంచి పోయినా నిద్ర లేవదు. దాంతో చల్లటి ఏళ్లలో దాని లెక్క తగ్గుతుంది, వెచ్చటి ఏళ్లలో పెరుగుతుంది. ఉన్న చేపలు అవే. అందుకే ఆ చేప లెక్కలో అడుగు ఉష్ణోగ్రతను కూడా కలిపి సరిచేస్తారు. వల పైతాడుకు కట్టిన చిన్న థర్మామీటరు ఏళ్ల తరబడి అంకెలు తెస్తూనే ఉంది. ఆ అంకెలను నివేదిక చివర పట్టికలో పడేసి ఊరుకోకుండా లెక్కలోకి తీసుకున్నవారిని మా కమిటీ అనుమానంగా చూస్తోంది. ఇలా అలవాటైతే రేపు ప్రతి చేపా థర్మామీటరు సాక్ష్యం అడుగుతుంది.

రెండోది అనుమతి లేని బదిలీ. చలికాలంలో బేరింగ్ సముద్రం మీద మంచు గడ్డకట్టేటప్పుడు ఉప్పు బయటికి నెట్టుకుపోతుంది. ఆ ఉప్పెక్కిన చల్లటి నీరు బరువుగా అడుగుకు దిగుతుంది. వేసవిలో పైనీరు వేడెక్కి మూతలా కూర్చుంటే, కింద 2 డిగ్రీలకు లోపు ఉన్న చల్లటి మడుగు అలాగే నిలిచిపోతుంది. కాడ్, పొల్లాక్ చేపలు దాన్ని దాటవు. కంటికి కనపడని ప్రహరీ గోడ అది. 2018లో మంచు సరిగా పట్టలేదు, గోడ లేవలేదు. గోడ లేని ఇంట్లో కాపురం ఎవరు చేస్తారు? అంతకు ముందు ఏడాదే, 2017లో, ఉత్తర బేరింగ్‌లో వల ఈడ్చినవారికి 2010లో లేనంత కాడ్ కనిపించింది. అక్కడే పుట్టిపెరిగినవాళ్లమని బుకాయిస్తాయేమోనని జన్యు పరీక్ష కూడా చేశారు. దక్షిణం నుంచి వచ్చినవేనని తేలింది. ఇక్కడ కమిటీ ఒక విషయం ఒప్పుకోక తప్పదు. ఉత్తరాన వల వేయకపోయి ఉంటే, దక్షిణపు గళ్లలో తగ్గిన కాడ్‌ను చచ్చిపోయినట్టే రాసుకునేవాళ్లం. వెళ్లిపోయిన చేపా చచ్చిపోయిన చేపా ఖాళీ వలలో ఒకేలా ఉంటాయి.

నిజంగా చచ్చిపోయినవి లేవా అంటే, ఉన్నాయి. పక్కనే అలాస్కా సింధుశాఖలో 2014 నుంచి 2016 దాకా వేడినీళ్లు తిష్ఠ వేశాయి. చేప ఒంటికి సొంత వేడి లేదు, నీరెంతో ఒళ్లూ అంతే. నీరు వేడెక్కితే కూర్చున్నచోట కూర్చున్నా ఖర్చు పెరుగుతుంది. రెండు పూటలు తిని బతికే చేపకు మూడు పూటలు కావాలి. సరిగ్గా అప్పుడే మేత తగ్గింది, ఉన్న మేతలోనూ కొవ్వు తగ్గింది. జీతం కోసి, అద్దె పెంచినట్టు. దానికి తోడు పసిఫిక్ కాడ్ గుడ్లు నీళ్లలో తేలవు, అడుగునే అంటుకుని ఉంటాయి. అవి బాగా పొదిగేది 4, 5 డిగ్రీల దగ్గర. అటో ఇటో రెండు డిగ్రీలు జరిగితే చాలు, పిల్లల సంఖ్య పడిపోతుంది. తల్లి ఈదుకుంటూ చల్లటి చోటికి పోగలదు, నేలకు అంటుకున్న గుడ్డు ఎక్కడికి పోతుంది? 2015 సర్వేలో కనిపించిన కాడ్‌తో పోలిస్తే 2017లో దాదాపు 71 శాతం తక్కువ దొరికింది. 2018 కోటాను 80 శాతం కోశారు. 2020లో అమెరికా కేంద్ర ప్రభుత్వ అధీనంలోని (ఫెడరల్) జలాల్లో కాడ్ వేటే మూసేశారు. ఇంత పెద్ద ఎత్తున మూకుమ్మడి గైర్హాజరుకు ముందస్తు నోటీసు ఇవ్వలేదన్నది మా అభియోగం. థర్మామీటరు 2014 నుంచే అరుస్తోందని వాటి వాదన. థర్మామీటరు చెప్పింది నోటీసు కిందికి రాదు.

ఇక మెడికల్ బోర్డు. చేప పుష్టిగా ఉందో లేదో తేల్చే సూత్రం చిన్నది: బరువును గ్రాముల్లో తీసుకుని వందతో గుణించి, పొడవును సెంటీమీటర్లలో ఘనం చేసి భాగించాలి. 50 సెంటీమీటర్ల కాడ్ 1,250 గ్రాములు తూగితే జవాబు సరిగ్గా 1. అదే పొడవున్న చేప 875 గ్రాములే ఉంటే 0.7, అంటే తల ఒక సైజు, ఒళ్లు ఇంకో సైజు. ఇంత తేలికైన లెక్కలో కూడా మన సిబ్బంది చేతికి దొరికే తప్పులు కొన్ని ఉన్నాయి. పొడవును ఘనం చేస్తాం కాబట్టి, ఊగే ఓడ మీద 50కి బదులు 52 అని చదివితే 1 కాస్తా 0.89 అవుతుంది. కొలబద్దలో రెండు సెంటీమీటర్లు, చేప ఆరోగ్యంలో పదకొండు శాతం. కడుపులో మింగిన పీత ఉంటే చేప లావైనట్టు కనిపిస్తుంది, గుడ్లతో నిండి ఉన్నా అంతే. అందుకే పేగులు, గుడ్లు తీసేసి తూచాలి. కాడ్ కొవ్వు దాచుకునేది కాలేయంలో, కాబట్టి కాలేయాన్ని విడిగా తూచి ఒంటి బరువులో ఎంత శాతమో చూస్తే ఇంకా నిజం తెలుస్తుంది. అదీ ఒకే రుతువులో. మేత సీజను ముగిశాక తూచిన చేపను గుడ్లు పెట్టి నీరసించిన చేపతో పోలిస్తే, బాలింతను పహిల్వాన్‌తో కుస్తీకి దించినట్టు ఉంటుంది. బల్లపరుపు చేపల్లో చాలావరకు కొవ్వును కండలోనే దాచుకుంటాయి, వాటి కాలేయం తూచి కంగారుపడి లాభం లేదు.

బరువు తగ్గినందుకు చేపలు చెప్పే సంజాయిషీల్లో అన్నిటికంటే మొండిది ఊపిరాడకపోవడం. లెక్క చూస్తే కాదనడం కష్టం. 0 డిగ్రీల సముద్రపు నీరు లీటరుకు 11 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ పట్టుకోగలదు, 20 డిగ్రీల దగ్గర 7 చిల్లర. పైనీరు వేడెక్కి తేలికైతే కిందికి కలవదు. కాబట్టి అడుగుకు కొత్త గాలి రాదు, ఉన్నదాన్ని కుళ్లే చెత్త తినేస్తుంది. 1960 నుంచి యాభై ఏళ్లలో ప్రపంచ సముద్రాల ఆక్సిజన్ 2 శాతానికి పైగా తగ్గింది. రెండు శాతమేగా అనిపిస్తుంది. సగటు అనే చాప కింద ఏం దాక్కుందో చూడాలంటే కెనడా తూర్పు తీరంలోని సెయింట్ లారెన్స్ సింధుశాఖ లోతుల్లోకి దిగాలి. అట్లాంటిక్ కాడ్ మీద ప్రయోగశాలలో చేసిన పరీక్షల్లో, నీళ్లలో ఆక్సిజన్ సంతృప్త స్థాయిలో (నీరు పట్టుకోగలిగిన గరిష్ఠంలో) 28 శాతానికి దిగితే నాలుగు రోజుల్లో కొద్ది చేపలు చచ్చాయి, 21 శాతానికి దిగితే సగం చచ్చాయి. బతికినవాటిని చూసి సంతోషించకండి. 70 శాతం కిందికి దిగినప్పటి నుంచే వాటి ఎదుగుదల తగ్గుతుంది. తిన్నది అరగడానికి కూడా ఆక్సిజన్ కావాలి, అది చాలనప్పుడు చేప తెలివిగా తినడం మానేస్తుంది. ఎదురుగా మేత ఉంటుంది, నోరు తెరవదు. దీన్ని మేము మొదట నిరాహార దీక్షగా నమోదు చేశాం.

అదే సింధుశాఖలో రెడ్‌ఫిష్ అనే చేప మాత్రం ఎదురులేకుండా పెరిగిపోయింది. 2011 నుంచి మూడేళ్లలో పుట్టిన పిల్లలు విపరీతంగా బతికి, పెద్దవై, అడుగున ఉన్న రొయ్యను నమిలేశాయి. పదోన్నతికి ఈ చేప పేరు సిఫారసు చేస్తున్నాం. రొయ్య తరఫు ఆక్షేపణలు ఉంటే గడువులోగా పంపవచ్చు.

బాల్టిక్ కాడ్ కేసు దగ్గర మాత్రం కమిటీ కాసేపు ఆగింది. ఉత్తర ఐరోపాలోని బాల్టిక్ సముద్రం సగం ఉప్పు, సగం మంచినీరు. పైన తేలిక నీరు, కింద ఉప్పు నీరు. కాడ్ గుడ్డు అడుగుకు పడిపోకుండా నీటి మధ్యలో నిలవాలి, అందుకు ఉప్పు కిలో నీటికి 14 గ్రాముల దగ్గర ఉండాలి. ఆ గుడ్డు బతకాలంటే ఆ లోతులో లీటరుకు కనీసం 2 మిల్లీలీటర్ల (సుమారు 3 మిల్లీగ్రాముల) ఆక్సిజన్ ఉండాలి. ఉప్పు కావాలంటే కిందికి దిగాలి, గాలి కావాలంటే పైకి రావాలి. రెండూ కలిసే పొర ఒక్కటే, అదీ ఉత్తర సముద్రం నుంచి ఉప్పునీరు పోటెత్తి లోపలికి వచ్చిన ఏళ్లలోనే మందంగా ఉంటుంది. 1993, 2003, 2014లలో అలాంటి పోట్లు వచ్చాయి. రాని ఏళ్లలో గుడ్డు తనకు సరిపోయే ఉప్పు వెతుక్కుంటూ దిగి దిగి, గాలి లేని చోట ఆగుతుంది. మునగడం తప్ప అది చేసిన నేరం లేదు. పెద్ద చేపల సంగతి చూస్తే, సీల్‌ల ద్వారా వచ్చే పురుగులు కాలేయంలో గూడు కట్టుకున్నాయి. ఒకప్పుడు 35, 40 సెంటీమీటర్ల దగ్గర ఈడుకొచ్చే చేప ఇప్పుడు 20 దగ్గరే గుడ్లు పెడుతోంది. బాల్యవివాహాల చట్టం దీనికి వర్తిస్తుందా అని న్యాయ సలహా అడిగాం. 2019 నుంచి తూర్పు బాల్టిక్ కాడ్‌ను గురిపెట్టి పట్టడం నిషేధం. చేప తేరుకోలేదు. మూలిగే నక్క మీద నుంచి తాటిపండు తీసేశాం, నక్క ఇంకా మూలుగుతూనే ఉంది.

మెక్సికో సింధుశాఖలో ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములకు దిగిన చోట క్రోకర్ చేపల ఆడవాటి అండాశయాల్లో మగ కణజాలం పెరిగినట్టు 2010ల మొదట్లో బయటపడింది. ఈ అంశం కమిటీ పరిధిలోకి రాదు.

విచారణకు ఇబ్బంది కలిగించిన కేసు ఒకటుంది. అమెరికాలో ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపాయ పక్కన ఈగిల్ హార్బర్ అడుగు బురదలో, కలపకు పూసే క్రియోసోట్ తారు పేరుకుని, అక్కడి ఇంగ్లిష్ సోల్ కాలేయాల్లో గడ్డలు లేచేవి. 1993, 94లలో ఆ బురద మీద శుభ్రమైన ఇసుక కప్పారు. తరవాతి ఏళ్లలో జబ్బు బాగా తగ్గింది. అంటే చేపకు శిక్ష వేయకుండా నేలను బాగుచేస్తే చేప బాగుపడిందన్నమాట. ఇదొక చెడ్డ ఉదాహరణ. దీన్ని పట్టుకుని మిగతా చేపలు కూడా ముందు నీళ్లు చూడమంటాయి.

అయితే నీళ్ల మీద నెట్టే విద్య చేపల కంటే మనకే బాగా వచ్చు. 1992 జులైలో న్యూఫౌండ్‌లాండ్ ఉత్తర కాడ్ వేటను కెనడా ఆపినప్పుడు దాదాపు 30,000 మంది పనులు పోయాయి. తప్పెవరిదన్న ప్రశ్న రాగానే చాలామంది నీళ్లవైపు చూపించారు: ఆ ఏళ్లలో చలి ఎక్కువైంది, అందుకే పోయాయి. రాన్సమ్ మయర్స్ అనే శాస్త్రవేత్త లెక్కలు తిరగేసి, చలి సంగతి సరే, పట్టిందే ఎక్కువని తేల్చాడు. ఆడలేక మద్దెల ఓడు అనడం అప్పుడు. ఇప్పుడు మద్దెల నిజంగానే ఓడైంది, అయినా పాత తాళమే వేస్తున్నాం. పట్టడం తగ్గించమంటే నీళ్లు మారాయంటాం. నీళ్లు మారాయి కదా కోటా మార్చమంటే, పాత సగటులో ఇదెక్కడా లేదంటాం.

విచారణ ముగించాలంటే సర్వీస్ రిజిస్టర్ చూడాలి. అది ప్రతి చేప తలలోనూ ఉంది: చెవిరాయి. మెదడు కింద గదిలో ఉండే ఈ సున్నపు ముక్కను అడ్డంగా విరిచి, విరిగిన అంచును మంట మీద కాస్త కాలిస్తే చలికాలపు వలయాలు గోధుమరంగుకు తిరుగుతాయి. లెక్కపెడితే వయసు. మేత దొరికిన ఏడాది వలయం వెడల్పు, దొరకని ఏడాది ఇరుకు. ఊపిరాడని నీళ్లలో అడుగు బురదలోంచి మాంగనీస్ కరిగి పైకొస్తుంది, ఆ ఏడాది వలయంలో అది చేరుతుంది. ఎప్పుడు ఊపిరాడలేదో బాల్టిక్ కాడ్ తలలో ఏడాదివారీగా రాసి ఉంటుందన్నమాట, సంతకంతో సహా. సంజాయిషీ గడువులోగా అందలేదన్న అభియోగం ఈ దెబ్బతో వీగిపోయేలా ఉంది. కాకపోతే ఈ వాంగ్మూలం తీసుకోవాలంటే ముందు సాక్షి తల కోయాలి. కమిటీకి అభ్యంతరం లేదు.