కూర్మారావు గారి తొలి వ్రతం

అరిజోనాలో ఎడారి తాబేలును కొనడానికి వీల్లేదు, అమ్మడానికి అంతకన్నా వీల్లేదు. ఎవరి పెరట్లోనో పెరిగి ఇప్పుడు దిక్కులేనిదైన తాబేలును పద్ధతి ప్రకారం దత్తత తీసుకోవాలి. దత్తత అనగానే మా ఆవిడ ఇది కుక్కపిల్లను తెచ్చుకోవడం కన్నా గౌరవప్రదమైన వ్యవహారమని తీర్మానించింది. దరఖాస్తు, పెరటి ఫోటోలు, గోడ కింద సందులు లేవన్న హామీ, సిమెంటు దిమ్మెలు పేర్చి ప్లైవుడ్డు కప్పి పైన గుట్టగా మట్టి పోసి కట్టిన బొరియ, ఇవన్నీ ఎలా పూర్తయ్యాయో రాస్తే నా నడుము నొప్పి తిరగబెడుతుంది కనుక వదిలేస్తున్నాను. మొత్తానికి చాండ్లర్‌లోని మా ఇంటికి, ఈ ఇంటి అప్పు తీరిపోయి నేను కూడా పోయిన తరువాత అదే పెరట్లో నింపాదిగా గడ్డి మేయగల జీవి ఒకటి వచ్చి చేరింది.

దానికి మా ఆవిడ కూర్మారావు అని పేరు పెట్టింది. అది మా తాతగారి పేరని ఆమెకు తెలియదనుకోవడం నా మంచితనం. మా అమ్మ శ్రీకాకుళం జిల్లా కోడలు, ఇన్నేళ్ళలో మామగారి పేరు నోటితో పలికిన మనిషి కాదు. అందుచేత ఆవిడ పొద్దున్నే కిటికీలోంచి చూసి, "వారు లేచారా? గడ్డి ఏమైనా తీసుకున్నారా?" అని అడగడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి ఇంటిల్లిపాదికీ ఆ మర్యాదే అలవాటైంది. శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్ళను చూసి పెరిగిన అమ్మకు కూర్మనాథుడే ఇంటికి నడిచి వచ్చినట్టుంది. అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ తాబేలును ఇంట్లో పెట్టుకుంటే నేరమనీ, ఇక్కడ ప్రభుత్వమే దగ్గరుండి అప్పగిస్తోందనీ వీడియో కాల్‌లో బంధువులందరికీ గర్వంగా చెప్పింది. చిప్పకు పసుపు రాసి బొట్టు పెడతానంటే మాత్రం నేను ఒప్పుకోలేదు. చిప్పకూ స్పర్శ ఉంటుందనీ, దానిమీద ఎండ పడాలనీ చెప్పాను. రాజీగా ఒక మందార పువ్వు పెట్టింది. సమర్పించిన పువ్వును అక్కడికక్కడే ఆరగించిన దేవుణ్ణి తన జన్మలో చూడలేదని కళ్ళు తుడుచుకుంది.

శ్రావణ మాసం వచ్చింది. ఈ ఎడారిలో వానలు పడేదీ, తాబేళ్ళు హుషారుగా తిరిగేదీ ఇంచుమించు అప్పుడే. అమ్మ సత్యనారాయణ వ్రతం తలపెట్టింది, పురోహితుడు కుదిరాడు.

ఈ పురోహితుడి గురించి కొంత చెప్పాలి. వారమంతా సాఫ్ట్‌వేర్, శనాదివారాలు సత్యనారాయణుడు. గంటన్నర వ్యవధి ముందే బుక్ చేసుకోవాలి, సంభావన కోసం పీట పక్కన క్యూఆర్ కోడ్ నిలబెడతాడు, మూడో కథకూ నాలుగో కథకూ మధ్య తరువాతి ఇంటివాళ్ళకు ఫోన్ చేసి "దారిలో ఉన్నానండీ" అంటాడు. ఆ మాట విన్నప్పుడు ఆయన మా హాల్లో బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

హారతి అయ్యాక అమ్మ ఆయనను పెరట్లోకి తీసుకువెళ్ళింది. కూర్మారావు గారిని చూడగానే ఆయన "సాక్షాత్తు ద్వితీయావతారం!" అని జేబులోంచి ఫోన్ తీసి నా చేతికిచ్చాడు. ఎత్తవద్దని నేను చెప్పాను. ఎందుకు ఎత్తకూడదో కూడా చెప్పాను: ఎడారి తాబేలు తాగిన నీటిని మూత్రాశయంలో నెలల తరబడి దాచుకుని, చుక్క నీరు దొరకని రోజుల్లో తిరిగి ఒంటికి పట్టించుకుంటుంది, బెదిరితే ఆ నిల్వనంతా ఒక్కసారిగా వదిలేస్తుంది, అడవిలోనైతే ఆ నష్టం ప్రాణం మీదికే వస్తుంది. ఇంతటి ఉపన్యాసమూ పూర్తయ్యేసరికి కూర్మారావు గారు ఆయన ఛాతీ ఎత్తున గాలిలో నాలుగు కాళ్ళతోనూ ఈదుతున్నారు.

పురోహితుడు చిరునవ్వుతో కెమెరా వైపు చూస్తున్నాడు. కూర్మారావు గారు మెడను పూర్తిగా బయటికి చాచి, నాకేసి ఒకసారి, ఆయనకేసి ఒకసారి చూశారు. తరువాత వదిలారు. అది ధార అంటే ధార కాదు. ముందు కొద్దిగా పడి, ఇక అయిపోయిందని మేమంతా ఊపిరి పీల్చుకున్నాక అసలుది మొదలైంది. ముదురు గోధుమరంగు పట్టుపంచె నడుము దగ్గర నల్లబడింది, ఆ నలుపు కుచ్చిళ్ళ వెంట తొందరేమీ లేకుండా కిందికి దిగింది, అంచు జరీ దగ్గర కాసేపు ఆగి బొట్లు బొట్లుగా ఆయన పాదాల మీద పడసాగింది. కింద పెట్టేయవచ్చు కదా? పెట్టలేదు, భక్తి వల్లనో భయం వల్లనో బిగుసుకుపోయి, "సార్, ఫోటో వచ్చిందా?" అని మాత్రం అడిగాడు. వచ్చింది. ఒకటి కాదు, ఆ ఫోన్ వరసగా తీస్తూనే పోయింది. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అమ్మ మాత్రం కంగారుగా, "అయ్యో, వారికి దాహమవుతుందేమో!" అంది. వారెవరో పురోహితుడికి అర్థమయ్యే అవకాశం లేదు కనుక తనకే అనుకుని "ఫర్వాలేదమ్మా" అన్నాడు.

పోయిన నీరు మళ్ళీ పట్టాలంటే తాబేలును పలుచని గోరువెచ్చని నీళ్ళలో కూర్చోబెట్టాలి. అంత వెడల్పున్నది ఇంట్లో ఒక్కటే, పురోహితుడి కాళ్ళు కడగడానికి అమ్మ తోమి ఉంచిన ఇత్తడి తాంబాళం. కూర్మారావు గారు అందులో గడ్డం ముంచి, కళ్ళు సగం మూసి, చాలాసేపు నీళ్ళు తాగారు. పురోహితుడు తోట గొట్టం దగ్గర పంచె పిండుకున్నాడు. వాయనాలకు వచ్చిన వాళ్ళకు ఎవరి కాళ్ళకు ముందు దణ్ణం పెట్టాలో తెలియలేదు.

ఆ రాత్రే వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది: పట్టుపంచె డ్రైక్లీనింగ్, అశౌచ నివారణకు శాంతి, రెండూ కలిపి 251 డాలర్లు. నేను మర్యాదగా జవాబు రాసేలోగా ఆయన ప్రొఫైల్ ఫోటో మారింది. నడుము పైభాగం మాత్రమే కత్తిరించి పెట్టుకున్నాడు, కూర్మారావు గారి ముఖం స్పష్టంగా పడింది, కింద "కూర్మ సహిత సత్యనారాయణ వ్రతములు జరిపించబడును" అని ఉంది. ఇప్పుడే ఇంకో మెసేజ్ పెట్టాడు, వచ్చే ఆదివారం పొద్దున పదింటికి గిల్బర్ట్‌లో ఎవరింటికో తాబేలును నేనే కారులో తేవాలట, పెట్రోలు ఖర్చు తనది కాదట.