గుంటలో ఇరవై ఏడో వంతు

హైదరాబాద్‌లోని ఒక అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో, తూర్పు ముఖంగా, నాలుగడుగుల వెడల్పూ పదడుగుల పొడవూ గల బాల్కనీలో నేను వ్యవసాయం చేస్తున్నాను. ఇల్లు అద్దెది కనుక నన్ను కౌలు రైతుగానే పరిగణించవలసి ఉంటుంది. గుంటకు 1,089 చదరపు అడుగులు కాబట్టి నా కమతం గుంటలో ఇరవై ఏడో వంతుకు వస్తుంది. అందులోనూ బట్టలారేసే తీగకూ, ఏసీ పెట్టెకూ పోగా మిగిలినదే సాగుభూమి. అయినప్పటికీ రైతు కష్టాల గురించి సాధికారంగా మాట్లాడే అర్హత నాకు సంక్రమించిందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

నేను సేద్యంలోకి దిగినది 2023 జూలైలో. టమాటాకు పుట్టినిల్లు వంటి మదనపల్లె మార్కెట్‌లోనే మేలురకం కిలో 200 రూపాయల దాకా పలుకుతున్న ఆ రోజుల్లో, చేతులు ముడుచుకుని కూర్చోవడం నావంటి బాధ్యత గల పౌరుడికి తగదనిపించింది. ఆరు గ్రోబ్యాగులు, అయిదు కిలోల కోకోపీట్ ఇటుక, వర్మీకంపోస్టు, వేపపిండి, వేపనూనె, చేతి స్ప్రేయరు, నర్సరీ నుంచి టమాటా నారు, వీటన్నిటితోపాటు రెండు సంచుల ఎర్రమట్టి తెప్పించాను. మొత్తం 3,460 రూపాయలయింది. మట్టిని డబ్బిచ్చి కొన్నవాళ్లు మా వంశంలో ఇంతకుముందు లేరు. మా తాతగారికి ఈ సంగతి తెలియకుండానే ఆయన పోవడం ఒకందుకు మంచిదే అయింది.

తొలి సమస్య నీటిపారుదల దగ్గరే వచ్చింది. నేను మొక్కలకు నీళ్లు పెట్టిన ప్రతి ఉదయమూ మూడో అంతస్తులో ఆరేసిన దుప్పట్లు తడిసేవి. దిగువ ఆయకట్టు వారు ఎక్కడైనా నీళ్లు రావడం లేదని ధర్నా చేస్తారు. మా దిగువ ఆయకట్టు ఆవిడ మాత్రం నీళ్లు వస్తున్నాయని మెట్లెక్కి వచ్చారు. ఈ జలవివాదాన్ని ట్రిబ్యునల్ దాకా పోనీయకుండా, గ్రోబ్యాగుల కింద ప్లాస్టిక్ పళ్లేలు పెట్టి నేనే పరిష్కరించాను.

ఎండ విషయంలో రాజీ కుదరలేదు. టమాటా కాయాలంటే రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి, కానీ ఎదుటి భవనం పది గంటలు దాటేదాకా సూర్యుణ్ణి ఇటు చూడనివ్వదు, మధ్యాహ్నం దాటితే మా భవనమే అడ్డు. మొక్కలు వెలుగును వెతుక్కుంటూ సన్నగా, పొడవుగా, పోటీ పరీక్షలకు చదువుతున్న పిల్లల్లా ఎదిగాయి. పిండినల్లి పట్టింది. వేపనూనె కొడితే పోయింది, మళ్లీ పట్టింది. ధనియాలను రెండు బద్దలుగా నలిపి చల్లాలని తెలియక గింజలను యథాతథంగా పాతిపెట్టిన కారణాన కొత్తిమీర అక్కడొకటి ఇక్కడొకటిగా మొలిచింది. ఆ కాసిన్ని మొలకల్నీ పావురాలు తొక్కి పారేశాయి. కూరకు వాడుకోగా మిగిలిన పుదీనా కాడలను మా ఆవిడ ఒక పాత డబ్బాలో గుచ్చి మరచిపోగా, అది మాత్రం అడవిలా పెరిగింది. శాస్త్రీయ పద్ధతులు పాటించలేదు కనుక దాన్ని నా దిగుబడిలో చేర్చడం లేదు.

సెప్టెంబరు చివరికి పంట చేతికి వచ్చింది. పదకొండు టమాటాలు, 620 గ్రాములు. పెట్టుబడిని దిగుబడితో భాగిస్తే కిలో ఉత్పత్తి వ్యయం సుమారు 5,580 రూపాయలు తేలింది. నా శ్రమకు కూలీ, బాల్కనీకి అద్దె ఇందులో కలపలేదు. అప్పటికి బజారులో ధర కుప్పకూలింది. పత్తికొండ వైపు రైతులు కోత కూలీ కూడా గిట్టక టమాటాలను రోడ్డు పక్కన పారబోస్తున్నారని పత్రికలో చదివి, మా ఇద్దరి నష్టమూ ఒక్కటేనని కళ్లు చెమర్చాయి. నా పదకొండింటినీ ఇత్తడి పళ్లెంలో పేర్చి, మూడు కోణాల్లో ఫొటోలు తీసి, బంధువుల గ్రూపులో పెట్టి, రైతుకు గిట్టుబాటు ధర దక్కాల్సిన అవసరం గురించి రెండు పేరాలు రాశాను. మా బావమరిది చేతులు జోడించిన బొమ్మ పంపాడు.

పదకొండు కాయలు పప్పులోకి ఒక్క పూటకే సరిపోవడంతో, మర్నాడు వీధిలోకి వచ్చిన బండి దగ్గరకు వెళ్లాను. కిలో పదిహేను అంటే పన్నెండుకు ఇమ్మన్నాను.

"గిట్టదు సారూ," అన్నదామె.

గిట్టుబాటు సంగతి నాకు కొత్తగా చెప్పనక్కరలేదనీ, నేనూ రైతునేననీ ఆమెకు వివరంగా తెలియజేసి, పన్నెండుకే కిలో తూయించుకుని, కొసరుగా కొత్తిమీర అడిగాను.